నలభై సెకన్లలో అడవి పట్టదు: తెలుగు చానెళ్లకు ఒక బహిరంగ లేఖ

తెలుగు వార్తా చానెళ్ల సంపాదకులకు, వన్యప్రాణుల కార్యక్రమాలకు తెలుగు వ్యాఖ్యానం రాసేవారికి నమస్కారం.

పలమనేరు, కుప్పం వైపు పొలాల్లోకి ఏనుగులు దిగాయంటే మీ తెర మీద ఏ మాట పడుతుందో చిత్తూరు జిల్లాలో బడిపిల్లలు కూడా ముందే చెప్పేస్తారు. 'గజరాజుల బీభత్సం', 'ఏనుగుల హల్‌చల్', ఒంటరి మగ ఏనుగు అయితే 'స్వైరవిహారం'. తిరుమల నడకదారి పక్కన చిరుత కదిలితే 'చిరుత పంజా'. తొక్కుడుపడిన టమాటా చేను దృశ్యం ఒక్కటే ఉంటుంది, దాన్నే తిప్పి తిప్పి వేస్తారు. దానికి యుద్ధం సినిమాల్లో వాడే డప్పుల మోత జతచేస్తారు. అదే రాత్రి మరో చానెల్లో ఆఫ్రికా గడ్డిమైదానాల కార్యక్రమం తెలుగులో వస్తుంది. సింహం జింక గొంతు పట్టుకోగానే గంభీరమైన కంఠం ఒకటి 'బలవంతుడిదే రాజ్యం, ఇదే ప్రకృతి ధర్మం' అని తీర్పు చెప్పేస్తుంది.

వార్త రాసినవారికీ వ్యాఖ్యానం రాసినవారికీ పరిచయం ఉండకపోవచ్చు. చెబుతున్న కథ మాత్రం ఒక్కటే: ప్రకృతి ఒక యుద్ధభూమి, ప్రతి ప్రాణీ మరో ప్రాణికి పోటీదారు, గెలిచినదే మిగులుతుంది. నేను చిత్తూరులో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతాను. ఏటా కొత్తగా చేరే పిల్లల దగ్గరికి పాఠ్యపుస్తకం కన్నా ముందే ఈ కథ వచ్చి కూర్చుని ఉంటుంది. పరిణామం అంటే ఏమిటని అడిగితే, బలమైనవి బలహీనమైనవాటిని చంపి బతకడం అంటారు. ఎవరు చెప్పారంటే డార్విన్ అంటారు. ఎక్కడ చదివారంటే టీవీలో చూశామంటారు. అందుకే ఈ ఉత్తరం విద్యాశాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

ఏనుగు సాధుజంతువనీ చిరుతకు మనుషులంటే ప్రేమ అనీ చెప్పడం నా ఉద్దేశం కాదు. కౌండిన్య అభయారణ్యం అంచున పొలం ఉన్న రైతుకు ఏనుగు అంటే ఏమిటో మీకన్నా నాకన్నా బాగా తెలుసు. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు రావడం 1980లలో మొదలైంది. 1990లో కౌండిన్యను అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 350 చదరపు కిలోమీటర్లకు పైమాటే గానీ, అది నాడాలా పొడుగ్గా, సన్నగా సాగిన అడవి. అడ్డంగా నడిస్తే కొన్నిచోట్ల కాసేపటికే పొలం గట్టు తగులుతుంది. రోజుకు 150 కిలోల దాకా మేత కావలసిన జంతువుకు ఆ సన్నటి పట్టీ ఏ మూలకు? ఆ అంచుల్లో మనుషులూ ప్రాణాలు పోగొట్టుకున్నారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చచ్చిపోయాయి. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో నేలపాలైన మనిషి ముందు కూర్చుని సహజీవనం గురించి ఉపన్యాసం ఇచ్చేవారిని చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది.

నష్టాన్ని చూపించవద్దని నేను అనను. నష్టాన్ని చూపించి, కారణం ఉండాల్సిన చోట 'దాడి' అన్న మాట పెట్టి ఊరుకుంటున్నారు, నా బాధ అది. దాడి అన్నాక ఇక అడగడానికి ఏముంటుంది? శత్రువు వచ్చాడు, కొట్టాడు, పోయాడు. ఆ వేసవిలో అడవి లోపలి కుంటల్లో నీళ్లున్నాయా, ఏనుగులు తరతరాలుగా నడిచే దారికి అడ్డంగా ఈమధ్య ఏం లేచింది, సోలార్ కంచె ఎన్నాళ్లుగా పనిచేయడం లేదు, పోయినేటి పంట నష్టపరిహారం రైతు చేతికి అందిందా? ఈ ప్రశ్నలన్నీ ఆ ఒక్క మాట వెనక దాక్కుంటాయి. పంట పోయిన రైతుకూ దానివల్ల మేలు జరగడం లేదు.

ఇక డార్విన్ సంగతి. ఆయన 1859 పుస్తకం 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్'లో మూడో అధ్యాయం తెరిచి చూడండి. జీవన పోరాటం అనే మాటను తాను విశాలమైన, అలంకారికమైన అర్థంలో వాడుతున్నాననీ, ఒక ప్రాణి మరో ప్రాణి మీద ఆధారపడటం కూడా అందులో కలిసే ఉందనీ ఆయన మొదట్లోనే రాసుకున్నాడు. అక్కడ ఆయన ఇచ్చిన ఉదాహరణ ఒకటి రాయలసీమలో కూర్చుని రాసినట్టు ఉంటుంది. ఎడారి అంచున ఉన్న మొక్క కరువుతో పోరాడుతోందని అంటాం, కానీ అది తేమ మీద ఆధారపడి ఉందనడం ఇంకా సరైన మాట అంటాడు. పోరాటమూ ఆధారమూ ఆయన దగ్గర పక్కపక్కనే ఉన్నాయి. మన దాకా వచ్చేసరికి సగమే మిగిలింది.

'యోగ్యతములే మిగులుతారు' అన్న ప్రసిద్ధమైన మాట అసలు డార్విన్‌ది కాదు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ పుట్టించాడు, 1869లో వచ్చిన తన పుస్తకం అయిదో ముద్రణలో డార్విన్ దాన్ని తీసుకున్నాడు. డార్విన్‌కు కుడిభుజంలాంటి థామస్ హక్స్‌లీ 1888లో జంతు ప్రపంచాన్ని రోమన్ల గ్లాడియేటర్ల పోరు ప్రదర్శనతో పోల్చాడు. మీ వ్యాఖ్యానాలకు మూలపురుషుడు ఆయనే అనుకోవచ్చు. ఆ పోలిక నచ్చక కలం పట్టినవాడు పీటర్ క్రొపోట్కిన్. రష్యా ప్రభువంశంలో పుట్టి, ప్రభుత్వమే అక్కరలేదనే అరాచకవాది అయి, జైలుకు వెళ్లి తప్పించుకున్న భూగోళ శాస్త్రజ్ఞుడు. ఆయన జీవితమే మీకొక సీరియల్‌కు సరిపోతుంది. యువకుడిగా 1862 నుంచి 1867 దాకా సైబీరియాలో తిరిగాడు. ఒకే జాతి ప్రాణుల మధ్య ప్రాణాంతకమైన పోటీ కనిపిస్తుందని ఆశగా వెతికితే, అది దాదాపు కనిపించలేదట. మంచుతుపానులో, వరదలో, ఆకలిలో కలిసికట్టుగా నడిచిన మందలు కనిపించాయి. 1890 నుంచి వరుసగా వ్యాసాలు రాసి 1902లో పుస్తకంగా వేశాడు. పరస్పర సహాయాన్ని పరిణామంలో 'ఒక అంశం' అన్నాడే తప్ప ఏకైక అంశం అనలేదు. పోటీ లేదని ఆయన కూడా అనలేదు.

ఎవరు ఎక్కడ నిలబడి చూశారన్నది ఇక్కడ ముఖ్యం. డార్విన్ కిక్కిరిసిన ఉష్ణమండలాన్ని చూసి వచ్చాడు, క్రొపోట్కిన్ చలికి గడ్డకట్టిన ఖాళీ నేలను చూశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1994లో, బెర్ట్‌నెస్, క్యాలవే అనే ఇద్దరు జీవావరణ శాస్త్రవేత్తలు ఈ తేడానే ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు. పరిస్థితులు సుఖంగా ఉన్నచోట మొక్కల మధ్య పోటీ ఎక్కువ, కఠినమయ్యేకొద్దీ ఒకదాని వల్ల మరొకటి బతకడం ఎక్కువ అని. 2002లో పలు ఖండాల పర్వతాల మీద చేసిన పరిశీలన దీన్ని బలపరిచింది. కొండ కింద పక్క మొక్కను పీకేస్తే మిగిలిన మొక్క బాగుపడింది, కొండ పైన పీకేస్తే మిగిలినదీ దెబ్బతింది. ఎండిన నేలల్లో ఫలితాలు అన్నిచోట్లా ఇంత సూటిగా రాలేదు, అది కూడా చెప్పాలి. అయినా ఈ ఆలోచన పట్టుకుని మన గుట్టలెక్కితే కళ్లకు కొత్త సంగతులు తగులుతాయి.

మామండూరు వైపు శేషాచలం పాదాల దగ్గర కలివి పొదలు ఎన్నో. కలివికోడి అనే అరుదైన పక్షికి పేరిచ్చిన పొద ఇదే. మే నెలలో వెళ్లి ఒక పొదను కర్రతో పక్కకు ఒత్తి లోపలికి చూడండి. బయట నేల పెంకులా గట్టిగా, కాళ్లు కాలేలా ఉంటుంది. లోపల చెయ్యి పెడితే మెత్తగా తగులుతుంది. రాలిన ఆకులు, చీమలు తవ్విపోసిన మట్టి, కాస్త చల్లదనం. చెయ్యి వెనక్కి తీసేటప్పుడు ముళ్లు తప్పకుండా గీరుకుంటాయి. ఆ మధ్యలో జానెడు వేపమొక్క ఉంటుంది. పొద మీద వాలిన పికిలిపిట్టో గోరింకో ఎక్కడో వేపపండు తిని గింజ ఇక్కడ వదిలింది. చుట్టూ ముళ్లు కాబట్టి మేక నోరు పెట్టలేదు. పొద నీడ వల్ల మొదటి రెండు ఎండాకాలాలు గడిచాయి. ఇదే గింజ బయట పడి ఉంటే మొలకెత్తినా వారం నిలిచేది కాదు.

కథ ఇక్కడ ఆపితే అందంగా ఉంటుంది. కానీ వేప ఆగదు. కొన్నేళ్లకు పొదను దాటి పైకి పోతుంది, గొడుగు పడుతుంది, కింద ఎండ తగ్గి కలివి పలచబడుతుంది. అదే నీళ్ల కోసం ఇప్పుడు వేరుకూ వేరుకూ పోటీ. తనను సాకిన పొదనే చెట్టు నొక్కేసింది. ఈ రెండూ మిత్రులా, శత్రువులా? కెమెరా ఏ సంవత్సరం వచ్చిందన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. పోటీ ఒక పక్షం, సహకారం ఒక పక్షం అని విడదీసి చూపించే వీలు ఇక్కడ లేదు. ఒకే జంట మధ్య, ఒకే చోట, కాలం గడిచేకొద్దీ ఒకటి మరొకటిగా మారుతోంది. మీకు కావలసింది నలభై సెకన్ల దృశ్యం. ఆ నలభై సెకన్లలో పట్టేది గొంతు పట్టుకోవడం మాత్రమే, గొడుగు పట్టడం కాదు.

మీ యంత్రాంగానికి ఉన్న ఈ బలహీనత కొత్తది కాదు, మీ ఒక్కరిదీ కాదు. 1958లో డిస్నీ సంస్థ తీసిన ఉత్తర ధ్రువ ప్రాంతపు డాక్యుమెంటరీలో లెమ్మింగులనే చిట్టెలుకల లాంటి జంతువులు గుంపులు గుంపులుగా కొండ అంచు నుంచి నీళ్లలోకి దూకి ఆత్మహత్య చేసుకున్నాయి. దానికి ఆస్కార్ వచ్చింది. 1982లో కెనడా టీవీ కార్యక్రమం ఒకటి ఆరా తీస్తే, ఆ జంతువులను వేరే చోటి నుంచి కొనుక్కొచ్చి, తెరకు కనిపించకుండా తోశారని బయటపడింది. ఈనాటికీ 'లెమ్మింగుల్లా' అనే మాట లోకంలో తిరుగుతూనే ఉంది. తోడేళ్ల సంగతీ ఇంతే. 1947లో ఒక పరిశోధకుడు బోనులో కలిపి పడేసిన తోడేళ్లను చూసి, కొట్లాడి పైకి వచ్చిన 'ఆల్ఫా' నాయకుడి గురించి రాశాడు. డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త 1970లో తన పుస్తకంలో ఆ భావనకు బాగా ప్రచారం కల్పించాడు. తర్వాత అడవిలో ఏళ్ల తరబడి చూసి, తోడేళ్ల గుంపు అంటే సాధారణంగా తల్లి, తండ్రి, పిల్లలేనని 1999లో ఆయనే దిద్దుకున్నాడు. పాత పుస్తకాన్ని ఇక అచ్చు వేయవద్దని ప్రచురణకర్తలను చాలాకాలం బతిమాలాడు కూడా. శాస్త్రవేత్త వెనక్కి తీసుకున్న మాటను వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులు మాత్రం ఇంకా వదలడం లేదు.

వ్యాఖ్యాతలకు మరో చిన్న మాట. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన దృశ్యానికి అడుగుల చప్పుడు, ఎముక విరిగిన చప్పుడు చాలావరకు స్టూడియోలో కలుపుతారని మీకు తెలుసు, చూసేవారికి తెలియదు. సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే జంతువనీ, పులి వేటల్లో ఎక్కువ భాగం విఫలమవుతాయనీ కూడా వారికి తెలియదు. తిరుపతి బస్టాండు చుట్టూ ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తుంటాను. ఒక కాలేజీ గోడ మీద సింహమూ జింకా బొమ్మ, కింద 'పొద్దున లేవగానే పరుగెత్తు' అన్న నీతి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చవద్దని జీవితాంతం చెప్పిన ప్రాంతం ఇది. పరుగెత్తమని పిల్లలకు చెప్పదలచుకుంటే చెప్పండి, సింహం మీద పెట్టకండి. ఆ ప్రకటనలు మీకూ ఆదాయమే కాబట్టి దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేదు.

మరి అడవిలో చూపించదగ్గది ఇంకేముందని అడుగుతారేమో. మేడిచెట్టు దగ్గరికి రండి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయన్న వేమన పద్యం అందరికీ నోటికి వచ్చిందే. పిరికివాడి బింకానికి ఆయన చెప్పిన పోలిక అది. పద్యంగా దానికి వంక పెట్టడానికి లేదు. చెట్టు వైపు నుంచి చూస్తే మాత్రం ఆ పురుగులే చెట్టుకు వంశం. మేడికాయ లోపలికి ముడుచుకున్న పూలగుత్తి, వందల చిన్న పూలు లోపలి గోడకు అతుక్కుని ఉంటాయి. కొన దగ్గర పొలుసులు కప్పిన సన్నటి కన్నం. కందిరీగ జాతికి చెందిన ఒక ఆడపురుగు ఆ కన్నంలోంచి దూరుతుంది. కందిరీగ అన్నానని పెద్దగా ఊహించుకోకండి, నువ్వుగింజంత ఉంటే గొప్ప. దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి, ఇక బయటికి రాదు. మరో మేడిచెట్టు నుంచి తెచ్చిన పుప్పొడిని పూలకు అందిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చనిపోతుంది. గుడ్డు పడిన పూవు పురుగును పెంచుతుంది, పడనిది గింజ కడుతుంది. రెక్కలు లేని మగ పురుగులు ముందు బయటపడి, ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు సొరంగం తొలిచి చచ్చిపోతాయి. ఆ సొరంగంలోంచి ఆడవి పుప్పొడితో బయటికి ఎగురుతాయి, మరో కాయను వెతుక్కుంటూ.

ఈ పురుగు లేకపోతే ఆ చెట్టుకు గింజ లేదు. ఆ చెట్టు లేకపోతే ఈ పురుగుకు పుట్టే చోటే లేదు. అలాగని లోపల ధర్మసత్రం నడుస్తోందనుకోవద్దు. బయటి నుంచే సూదిలాంటి అవయవం గుచ్చి గుడ్లు పెట్టే వేరే కందిరీగలు ఉన్నాయి, పుప్పొడి పని ఏమీ చేయకుండా తిని పోయే రకం. అన్నీ కలిసి ఒకే కాయలో. పండిన తర్వాత కోతులు, గబ్బిలాలు, పిట్టలు. ఇంత నాటకం మీ స్టూడియో వెనక సందులోనే దొరకవచ్చు. వేట చిత్రీకరణకు నెలలు కావాలి, అనుమతులు కావాలి. మేడిచెట్టు ఎక్కడికీ పారిపోదు.

ఇప్పుడు రెండో వైపు. ఈమధ్య గాలి మారింది. యుద్ధం పాతబడి, చెట్లు మాట్లాడుకుంటాయి, తల్లిచెట్టు వేళ్ల ద్వారా పిల్లచెట్లకు పాలిస్తుంది అన్న కథనాలు ఊపందుకున్నాయి. దీనికి మూలంగా చెప్పే పరిశోధన గట్టిదే. 1997లో సుజాన్ సిమార్డ్ బృందం కెనడా అడవుల్లో రెండు జాతుల చెట్ల మధ్య కర్బనం చేతులు మారుతోందని చూపించింది. దాని మీద కట్టిన మేడలు మాత్రం పునాదిని దాటిపోయాయి. 2023లో ఆ రంగంలోనే పనిచేసిన ముగ్గురు శాస్త్రవేత్తలు ఆధారాలన్నీ తిరగేసి, మట్టిలో వేళ్లను కలిపే శిలీంధ్రాల దారిలో పెద్ద చెట్లు తమ సొంత పిల్లలకు ఆహారం పంపుతాయన్న ప్రచారానికి అడవిలో రుజువు లేదని తేల్చారు. అడవంతా ఒక ఉమ్మడి కుటుంబం అనే వ్యాఖ్యానం తెలుగులోకీ వచ్చేసింది. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవారెవరూ ఆ పోలిక అంత తేలిగ్గా వాడరు. యుద్ధం కథ ఎంత సోమరితనమో, ప్రేమ కథా అంతే సోమరితనం. రెండింటిలోనూ చూడటం తప్పించుకున్నాం.

మా జిల్లా వేరుశనగనే తీసుకోండి. మొక్కను మట్టితో సహా లేపి, నీళ్లలో మెల్లగా జాడిస్తే పక్కవేళ్లు పుట్టే చోట ఆవగింజల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. వేరుశనగలో రైజోబియం బాక్టీరియా లోపలికి వచ్చేది ఆ పక్కవేరు చీల్చుకువచ్చిన పగులులోంచే. ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు, కొన్నిసార్లు పచ్చి మాంసం రంగు. మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం అక్కడ ఉంది, దాన్ని తయారు చేసేది మొక్క. బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది, మొక్క చక్కెర ఇస్తుంది. చీల్చినప్పుడు తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె పని చేయడం లేదని మా రైతులకు తెలుసు.

ఇది ప్రేమా? 2003లో సోయాచిక్కుడు మీద చేసిన ఒక ప్రయోగం చూడండి. కొన్ని బుడిపెలకు నత్రజని అందకుండా చేసి, బాక్టీరియా పని ఆగిపోయేలా చేశారు. పని చేయని ఆ బుడిపెలకు మొక్క ఆక్సిజన్ తగ్గించేసింది. లోపలి బాక్టీరియా సంతతి పడిపోయింది. ఇక్కడ త్యాగమూ లేదు, యుద్ధమూ లేదు. షరతులున్న పొత్తు ఉంది, లెక్క తప్పితే శిక్ష ఉంది, అయినా కోట్ల సంవత్సరాలుగా ఆ పొత్తు నిలిచింది. పోటీ సహకారాన్ని పట్టి ఉంచుతోంది. దీన్ని ఏ పెట్టెలో వేస్తారు?

నార్వే తత్త్వవేత్త అర్నె నెస్ ఈ చిక్కును నాకు తెలిసిన అందరికన్నా సూటిగా పట్టుకున్నాడు. కొండలెక్కేవాడు, స్పినోజానూ గాంధీనీ చదువుకుని వారి మీద పుస్తకాలు రాసినవాడు. 1973లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఆయన అన్నదాని సారాంశం ఇది: యోగ్యత అంటే చంపడానికీ దోచుకోవడానికీ అణచడానికీ ఉన్న శక్తి అనుకోకూడదు, చిక్కుముడి పడిన సంబంధాల మధ్య కలిసి బతకగల, సహకరించగల శక్తి అనుకోవాలి. 'నువ్వో నేనో' కన్నా 'బతుకు, బతకనివ్వు' అన్నది జీవావరణంలో బలమైన సూత్రం అన్నాడు. ఈ వాక్యాన్ని చాలామంది ఎత్తి రాస్తారు. అదే వ్యాసంలో, ఆచరణలో కొంత చంపడం, కొంత వాడుకోవడం, కొంత అణచడం తప్పదని కూడా ఆయన ఒప్పుకున్నాడు. దాన్ని వదిలేస్తారు. పలమనేరు రైతు ముందు ఈ తత్త్వం నిలబడాలంటే ఆ రెండో మాట కావాలి. రాత్రి కాపలా కాసేవాడిని, కంచె కట్టేవాడిని నేరస్థుడిని చేయని తత్త్వమే ఇక్కడ పనికొస్తుంది.

మన దగ్గర ఈ ఆలోచనకు ఒక పాత కథ ఉంది, చిత్రంగా అది గొడవ కథ. శ్రీకాళహస్తి స్థలపురాణంలో పాము లింగానికి మణులు పెడుతుంది. ఏనుగు వచ్చి వాటిని తోసేసి, నీళ్లు పోసి, మారేడు ఆకులు పెడుతుంది. పాము కళ్లకు ఆ ఆకులు చెత్త, ఏనుగు కళ్లకు ఆ మణులు రాళ్లు. చివరికి పాము తొండంలో దూరింది, ఏనుగు తలను బండకేసి కొట్టుకుంది, రెండూ చనిపోయాయి. మీ చానెల్లో అయితే 'గుడిలో గజరాజు బీభత్సం' అని వచ్చేది. కథ కట్టినవారు ఎవరినీ దోషిగా నిలబెట్టలేదు. సాలీడును, పామును, ఏనుగును ముగ్గురినీ కలిపి ఊరికి పేరు పెట్టారు. ఒకే చోటును ఇద్దరు రెండు రకాలుగా వాడుకోవడం దగ్గర గొడవ పుట్టిందని వారికి అర్థమైంది. కౌండిన్య అంచున జరుగుతున్నదీ అదే.

కాబట్టి ఏనుగుల వార్త రాసేటప్పుడు అది పిల్లలతో ఉన్న మందా, ఒంటరి మగ ఏనుగా అన్నది చెప్పండి. రెండింటి నడకా వేరు, ప్రమాదమూ వేరు, ఊరివాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తా వేరు. మందను నడిపేది సాధారణంగా పెద్ద ఆడ ఏనుగు. పిల్లలను చూసుకోవడంలో తల్లితోపాటు మిగతా ఆడవీ చేయి వేస్తాయి. సెల్‌ఫోన్లు పట్టుకుని వెంటబడే జనాన్ని చూపించేటప్పుడు వారిని వీరులుగా చూపించవద్దు. 2025లో కర్ణాటక మన రాష్ట్రానికి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను అప్పగించిన రోజు కెమెరాలన్నీ వెళ్లాయి. మావటి, కుంకీ, అటవీ సిబ్బంది కలిసి ఒక మందను ఎలా వెనక్కి మళ్లిస్తారో చూపించడానికి తర్వాత ఎన్ని కెమెరాలు వెళ్లాయి? ఏనుగులను పంపడానికి ఏనుగుల సాయమే కావలసి రావడం కన్నా మంచి కథ మీకు ఎక్కడ దొరుకుతుంది?

చిరుత విషయం రాయడానికి చెయ్యి ఆడదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాప ప్రాణం పోయింది. ఆ ఇంటి దుఃఖాన్ని ఏ జీవావరణ శాస్త్రమూ తేలిక చేయలేదు. బోన్లు పెట్టి కొన్ని చిరుతలను పట్టారు, భక్తులకు చేతికర్రలు ఇచ్చారు, పిల్లలతో నడవడానికి వేళలు పెట్టారు. ఆ వారాలంతా మీరు చిరుతనే చూపించారు. నడకదారి పొడవునా మనం పారేసే తిండి, దాని కోసం చేరే కుక్కలు, కోతులు, పందులు, వాటి కోసం దిగే చిరుత. ఈ వరుసను గ్రాఫిక్స్‌లో ఒక్కసారి వేసి ఉంటే, కొండెక్కే ప్రతి కుటుంబం చేతిలోని ప్లాస్టిక్ కవరును మరో కంటితో చూసేది. చిరుతకు కోపం లేదు, పగ లేదు. మనం పరిచిన విస్తరి దగ్గరికి అది వస్తోంది.

డాక్యుమెంటరీ మిత్రులకు: ఆఫ్రికా దాకా పోనక్కరలేదు. శేషాచలంలో కొండముచ్చులు చెట్టు మీద సగం తిని సగం పారేస్తుంటే, కింద చుక్కల దుప్పులు ఆ ఆకులు ఏరుకుంటాయి. పైనున్నవాటికి చూపు, కిందున్నవాటికి వాసన. ఎవరు ముందు పసిగట్టినా కేక అందరికీ వినిపిస్తుంది. రేసుకుక్కలు వేట నుంచి తిరిగి వచ్చి, గుహ దగ్గరే ఉండిపోయిన తల్లికీ పిల్లలకూ తిన్నది కక్కి పెడతాయి. దుప్పిని పట్టుకున్న దృశ్యంతో కెమెరా ఆపేయకుండా వాటి గుహ దాకా వెళ్తే ఆ రెండోదీ దొరుకుతుంది. రాసేముందు సందేహం వస్తే ఏర్పేడు దగ్గర ఉన్న విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లోనో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం జీవశాస్త్ర విభాగాల్లోనో ఫోను ఎత్తేవారు ఉంటారు.

మీలో ఈ పని ఇప్పటికే చేస్తున్నవారు ఉన్నారు, వారికి ఎవరూ దండ వేయరు కాబట్టి ఇక్కడ చెబుతాను. పొద్దున్నే వచ్చే రైతుల కార్యక్రమాలు. అక్షింతల పురుగు పేనుబంకను తింటుంది, మామిడి పూత మీద మందు కొట్టేముందు పూత మీద వాలే ఈగలను చూడండి, పరాగసంపర్కం చేసేవాటిలో అవీ ముఖ్యమైనవే అని డప్పులు లేకుండా, ఎర్ర పట్టీ లేకుండా చెబుతారు. శత్రు పురుగులు, మిత్ర పురుగులు అని వారూ విడదీస్తారు గానీ, ఏది ఎప్పుడు ఎవరికి మిత్రమో కూడా చెబుతారు. ఆ కార్యక్రమం రాసేవారిని ఒకసారి రాత్రి ఎనిమిది గంటల వార్తల గదికి పిలిపించుకోండి.

వేరుశనగ బుడిపెలు చూడాలనిపిస్తే ఖరీఫ్‌లో విత్తిన నలభై, యాభై రోజులకు రండి. జూలైలో వాన పడి విత్తితే అది ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో అవుతుంది. దగ్గరి నుంచి తీసే లెన్సు ఒకటి, బకెట్టు నీళ్లు, తెల్ల గుడ్డ ముక్క చాలు. చేను నేను చూపిస్తాను. రైతును ముందే అడిగి, పీకిన మొక్కలకు డబ్బు ఇచ్చి తీయండి.

ఇట్లు,
చిత్తూరులో వృక్షశాస్త్రం చెప్పే ఒక అధ్యాపకుడు